నకార పొల్లు ఎక్కడికి పోయింది?

ముందే ఒప్పుకుంటా. ఇంటర్‌లో నా సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం. కారణం అందరికీ తెలిసిందే, మార్కులు. స్కూలంతా ఇంగ్లిష్ మీడియం. కాబట్టి ఇందులో ఛందస్సు గురించి ఏదైనా తప్పు రాస్తే క్లబ్ సీనియర్లు క్షమించాలి. పైథాన్ గురించి తప్పు రాస్తే మాత్రం తిట్టండి. ఎందుకంటే అలాంటి తప్పు ఇప్పటికే ఒకటి చేశాను, ఈ వ్యాసం దాని గురించే.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఒక రిటైర్డ్ తెలుగు సార్ పరిచయమయ్యారు. ఉండేది అశోక్‌నగర్‌లో, గ్రూప్స్ కోచింగ్ వాళ్ళ హాస్టళ్ళ మధ్య. వాళ్ళ నాన్నగారు రాసిన శతకం ఒకటి నోట్‌బుక్‌లో ఉండిపోయింది. బంధువులకీ పాత శిష్యులకీ ఇవ్వడానికి కొన్ని కాపీలు వేయించాలని ఆయన కోరిక. పద్యాలన్నీ తనే ఫోన్‌లో టైప్ చేసుకున్నారు. అయితే వాళ్ళ నాన్నగారు పొల్లు నకారాన్ని ఇప్పటిలా "న్" అని కాకుండా పాత పద్ధతిలో, నకార పొల్లుగా రాసేవారు. అచ్చులోనూ అలాగే ఉండాలని సార్ పట్టుదల. అది ఇలా ఉంటుంది: ౝ. (ఇక్కడ మీకు ఖాళీ డబ్బా కనిపిస్తుంటే మీ ఫోన్‌లో ఫాంట్ పాతదని అర్థం. డబ్బా కనిపించడం కూడా మంచిదేనని తర్వాత మీరే ఒప్పుకుంటారు.)

"యూనికోడ్‌లో ఉంది సార్" అని నేనే గొప్పగా చెప్పా. 2021 సెప్టెంబర్‌లో వచ్చిన యూనికోడ్ 14.0లో ఈ అక్షరాన్ని చేర్చారు. సార్ నోట్‌బుక్ చూసి గుర్తు పెట్టిన చోటల్లా నేనే దాన్ని ఫైల్‌లో పెట్టి ఇచ్చా.

ఫోన్‌లో తయారైన ఫైల్ కదా, చెత్త చాలా ఉంది. ఎమోజీలు, వాట్సాప్ నుంచి కాపీ అయిన గుర్తులు, కంటికి కనిపించని క్యారెక్టర్లు. చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాశా. అది ప్రతి క్యారెక్టర్‌నీ పైథాన్‌లోనే ఉండే యూనికోడ్ పట్టికలో వెతుకుతుంది. అక్షరమో, గుణింతం గుర్తో, అంకెో, విరామచిహ్నమో, ఖాళీయో అయితే ఉంచుతుంది, లేకపోతే తీసేస్తుంది. 12 యూనిట్ టెస్టులు కూడా రాశా. అందులో నకార పొల్లు కోసమే ప్రత్యేకంగా ఒకటి. నా లాప్‌టాప్‌లో, పైథాన్ 3.12 మీద, 12కి 12 పాస్.

సార్ దిద్దుబాట్లు చేసిన ప్రతిసారీ నన్ను పిలవకుండా ఉండాలని, నారాయణగూడలో ఆయన పుస్తకం చేయిస్తున్న డీటీపీ షాపు సిస్టంలోనే స్క్రిప్ట్ పెడదామనుకున్నా. ఆ సిస్టం విండోస్ 7. కొత్త పైథాన్ ఎక్కలేదు. విండోస్ 7 మీద నడిచే ఆఖరి పైథాన్ 3.8, అదే వేశా. స్క్రిప్ట్ నడిచింది, ఎర్రర్ ఏమీ రాలేదు. "అయిపోయిందన్నా" అని చెప్పి మెట్రో ఎక్కేశా.

నాలుగు రోజులకి సార్ నుంచి ఫోన్. "ఏమ్మా, మా నాన్నకి ఛందస్సు రాదనుకుంటారమ్మా ఇది చూసినవాళ్ళు."

వెళ్ళి కూర్చుంటే వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించారు. ఉత్పలమాలలో పాదం చివరి అక్షరం గురువు కావాలి. "వచ్చెన్" అని పొల్లు ఉంటే "చ్చె" గురువు అవుతుంది. పొల్లు పోయి "వచ్చె" అని మిగిలితే అది లఘువు. ప్రూఫ్‌లో 41 చోట్ల పొల్లు లేదు. మాయం చేసింది నా స్క్రిప్టే. డబ్బా మిగిలినా షాపు అన్న చూసి "చెల్లె, ఇదేంది?" అని అడిగేవాడు. ఏమీ మిగలకపోతే ఎవరు అడుగుతారు? ఆయన చెవి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. లేకపోతే అలాగే అచ్చయ్యేది.

కారణం తెలిశాక నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. పైథాన్ ప్రతి వెర్షన్ తన వెంట ఒక యూనికోడ్ పట్టికని మోసుకొస్తుంది. 3.8లో ఉన్నది యూనికోడ్ 12.1. 3.10లో 13.0. 14.0 వచ్చింది 3.11 నుంచే. అంటే 3.8 దృష్టిలో ౝ అసలు అక్షరమే కాదు, ఇంకా ఎవరికీ కేటాయించని ఖాళీ నంబర్. నేను రాసిన రూల్ ప్రకారం చెత్త. కోడ్ ఒకటే, టెస్టులు అవే. నేను ఆ 12 టెస్టుల్ని 3.8 మీద ఒక్కసారి నడిపి ఉంటే నకార పొల్లు టెస్ట్ అక్కడికక్కడే ఫెయిలయ్యేది.

ఇక నా అభిప్రాయం. మనం టెస్టులు రాయడం గురించి బాగానే మాట్లాడుకుంటాం, ల్యాబ్ రికార్డులో కూడా రాస్తాం. కానీ ఆ టెస్టులు ఏ వెర్షన్ల మీద నడవాలో ఎవరూ అడగరు. మన లాప్‌టాప్‌లో ఏదుంటే అదే ప్రపంచం. అన్ని వెర్షన్ల మీదా చేత్తో నడుపుతాంలే అంటే అదీ జరగదు, మొదటి రోజు చేస్తాం, మూడో రోజు మానేస్తాం. అందుకే ఆ పని మెషీన్‌కి అప్పగించాలి.

కష్టమేమీ కాదు. టాక్స్ అని ఒక టూల్ ఉంది. కాన్ఫిగ్ ఫైల్‌లో 3.8, 3.10, 3.12 అని రాస్తే ఒక్కో వెర్షన్‌కి విడిగా ఎన్విరాన్‌మెంట్ కట్టి అన్నింటిలో టెస్టులు నడుపుతుంది. ఒక జాగ్రత్త. ఆ వెర్షన్లు మన సిస్టంలో ఉండాలి. లేని వెర్షన్‌ని దాటేసి "ఓకే" అనే సెట్టింగ్ కూడా అందులో ఉంది, అది ఆన్‌లో ఉంటే మళ్ళీ నాలాగే మోసపోతారు. గిట్‌హబ్ యాక్షన్స్‌లో అయితే మ్యాట్రిక్స్ అని పెట్టి వెర్షన్ల లిస్ట్ ఇస్తే చాలు, కోడ్ పుష్ చేసిన ప్రతిసారీ అన్నింటి మీదా అదే నడుపుకుంటుంది. పబ్లిక్ రిపోకి డబ్బులు కూడా అక్కర్లేదు. ఇక్కడ నేను అరగంట తల పట్టుకున్న సంగతి చెప్పాలి. యామల్ ఫైల్‌లో 3.10ని కోట్స్ లేకుండా రాశా. అది దాన్ని దశాంశ సంఖ్య అనుకుని చివరి సున్నా తీసేసి 3.1 వెర్షన్ కోసం వెతికింది. కోట్స్ పెట్టండి.

నా రూమ్మేట్ వాదన వేరు. పైథాన్ 3.8కి 2024 అక్టోబర్‌తోనే సపోర్ట్ ఆగిపోయింది, విండోస్ 7కి 2020 జనవరిలోనే, చచ్చిపోయిన వాటికి టెస్టులేంటి అంటుంది. పెద్ద లైబ్రరీలు రాసేవాళ్ళ విషయంలో ఆ మాట కరెక్టే, వాళ్ళు పాత వెర్షన్లని ఎల్లకాలం మోయలేరు. కానీ నా స్క్రిప్ట్‌కి వాడకందారు ఒక్కడే, వాడికున్న సిస్టం అదే. అన్న సాఫ్ట్‌వేర్ అంతా దాంట్లోనే సెట్ అయి ఉంది. పైథాన్ కోసం కొత్త సిస్టం కొను అని నేనెలా చెప్తాను? ఏ వెర్షన్ల మీద టెస్ట్ చేయాలన్నది వెబ్‌సైట్ చూసి కాదు, వాడేవాళ్ళని అడిగి తెలుసుకోవాలని నా అభిప్రాయం. నేను చేయని పని అదే. మధ్యలో ఉన్నవన్నీ కాకపోయినా, వాళ్ళ దగ్గరున్న అతి పాతదీ, మన దగ్గరున్న కొత్తదీ తప్పకుండా ఉండాలి. పాతదాన్ని మోయడం నిజంగా వల్ల కాకపోతే స్క్రిప్ట్ మొదట్లోనే వెర్షన్ చూసి "నేను ఇక్కడ పనిచేయను" అని ఆగిపోవాలి. పనిచేసినట్టు నటించకూడదు.

స్క్రిప్ట్ మార్చాను. తెలుగుకి కేటాయించిన నంబర్ల పరిధిలో ఏదున్నా ఇప్పుడు ముట్టుకోదు. తనకి తెలియని క్యారెక్టర్ ఇంకెక్కడ కనిపించినా తీసేయదు, లైన్ నంబర్ చెప్పి ఆగుతుంది. టెస్టులు 3.8 నుంచి 3.13 దాకా నడుస్తున్నాయి.

రెండో ప్రూఫ్ సార్ చేతిలో పెట్టి పక్కనే కూర్చున్నా. అరవై ఏడో పద్యం దగ్గర వేలు ఆగింది, గణం తప్పింది. నా గుండె జారింది. నోట్‌బుక్ తీసి చూస్తే అందులోనే అలా ఉంది. "ఇది నీది కాదులే, మా నాన్నది. ఉండనీయమ్మా" అన్నారు.

మన క్లబ్ ఛందస్సు చెకర్ రిపోలో టెస్టులున్నాయి, అన్నీ ఒక్క వెర్షన్ మీదే నడుస్తున్నాయి. మ్యాట్రిక్స్ పెట్టి పుల్ రిక్వెస్ట్ పంపి రెండు వారాలైంది. 3.10 మీద ఒక టెస్ట్ ఎర్రగా ఉంది, అది నేను రాసింది కాదు. మెయింటెయినర్లు ఎవరో ఒకరు దయచేసి చూడండి.