మళ్లీ మహమ్మారి వస్తే పూజ ఆరుబయటే జరగాలి

నెల్లూరు తీరంలోని కతోలిక విచారణల పెద్దలకు, అమ్మలకు, అయ్యలకు, యువతకు, పూజ్య గురువులకు విన్నపం.

రాష్ట్రంలో మొట్టమొదటి కరోనా కేసు 2020 మార్చి 12న మన నెల్లూరులోనే బయటపడింది. పది రోజులకు జనతా కర్ఫ్యూ, మార్చి 25 నుంచి లాక్‌డౌన్ వచ్చాయి. ఆ ఏడు మట్టలాదివారం చేతిలో మట్ట లేదు. పవిత్ర గురువారం పాదాలు కడగడం మానుకోమని రోము నుంచే ఆదేశం వచ్చింది. మార్చి 27 సాయంత్రం జగద్గురువులు పోపు ఫ్రాన్సిస్ గారు వానలో, మనిషి లేని పునీత పేతురు ప్రాంగణంలో లోకం కోసం ప్రార్థిస్తుంటే మనవాళ్లు ఫోన్లలో చూసి కన్నీళ్లు పెట్టుకున్నారు. పాస్కా జాగరణ కూడా ఫోన్లోనే. ఫోను లేని ముసలివాళ్లకు అదీ లేదు.

ఆ వేళ గుళ్లు మూయడం సబబే. జబ్బు ఎలా పాకుతుందో సరిగ్గా తెలియని రోజులవి. నా బాధంతా ఆ తర్వాతి సంగతి గురించి. జూన్ 8 నుంచి గుళ్లు తెరవడానికి ప్రభుత్వం ఒప్పుకున్నాక మనం ఏం చేశాం? గడప దగ్గర చేతుల్లో శానిటైజరు పోశాం. నుదుటికి గురిపెట్టి జ్వరం చూశాం. తీర్థజలం తొట్టి ఖాళీ చేశాం. నేల మీద గుండ్రాలు గీశాం. ఇంత చేసి చాలాచోట్ల జనాన్ని నాలుగు గోడల మధ్యనే కూర్చోబెట్టాం. పాట మొదలైతే అందరూ గొంతు కలిపారు. చేతుల మీద పెట్టిన శ్రద్ధలో సగం కూడా గాలి మీద పెట్టలేదు.

కరోనా పాకింది ముఖ్యంగా ఊపిరి ద్వారా. మాట్లాడినా, దగ్గినా, పాడినా నోటి నుంచి తుంపరలు వస్తాయి. పెద్దవి దగ్గర్లోనే నేల రాలతాయి, కంటికి కనపడనివి మూసిన గదిలో చాలాసేపు తేలుతూనే ఉంటాయి. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, స్కాగిట్ లోయ అనే చోట ఒక గాయక బృందం రెండున్నర గంటలు పాటల సాధన చేసింది. వచ్చినవాళ్లు 61 మంది. వాళ్లలో 53 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. వాళ్లూ శానిటైజరు పెట్టుకున్నవాళ్లే. మన కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు కార్యాలయం కూడా సన్నని తుంపరలు గాలిలో పది మీటర్ల దాకా పోగలవనీ, గదుల్లో గాలి ఆడనివ్వాలనీ 2021 మే 20న చెప్పింది. అప్పటికి రెండో వేవ్ మన ఇళ్లలో మనుషుల్ని తీసుకుపోతూ ఉంది.

అందుకే నేను అడిగేది ఒక్కటే. ఊపిరి ద్వారా పాకే జబ్బు మళ్లీ వస్తే, మొదటి ఆదివారం నుంచే పూజ గుడి ఆవరణలోకి మారాలి. ఆ ఏర్పాటును జబ్బు లేని ఈ కాలంలోనే ప్రతి విచారణ కాగితం మీద రాసి, ఒకసారి చేసి చూసి పెట్టుకోవాలి.

ఈ పని మనకు చేతకానిది కాదు. విచారణ పండుగ వస్తే గుడి చాలదని బయట పందిరి వేస్తాం, వేదిక కట్టి పీఠం పెడతాం, మైకులు బిగిస్తాం. కోడూరు ఒడ్డున వేళాంగణి మాత పండుగ జనం ఏ గుడి గోడల మధ్య పడతారు? పండుగకు చేసేది కష్టకాలంలో చేయలేమా? ఒక్క జాగ్రత్త చాలు: షామియానాకు పక్క తెరలు కట్టకూడదు. కడితే అది మళ్లీ గదే అవుతుంది.

మన తిరుసభకూ ఇది కొత్త కాదు. 1576లో మిలాను నగరాన్ని ప్లేగు పట్టినప్పుడు అక్కడి అగ్రపీఠాధిపతి పునీత చార్లెస్ బొర్రోమియో వీధి కూడళ్లలో పీఠాలు నిలిపి పూజలు చేయించారు. ఇల్లు కదలకూడని జనం కిటికీల్లోంచే పాల్గొన్నారు. సూక్ష్మజీవుల వల్ల జబ్బులొస్తాయని లోకానికి తెలియడానికి మూడు వందల ఏళ్ల ముందు మాట ఇది. అవసరం పడితే గుడి బయట యోగ్యమైన చోట పూజ అర్పించవచ్చని నేటి తిరుసభ చట్టం 932వ నిబంధన చెబుతోంది. గురువులు ఆదివారం మూడు పూజల దాకా అర్పించడానికి పీఠాధిపతులు అనుమతి ఇవ్వవచ్చని 905వ నిబంధన చెబుతోంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒకే ఫాదర్ గారు, చుట్టూ నాలుగైదు ఊళ్లు. జనాన్ని చిన్న గుంపులుగా విడదీస్తే మూడు పూజలు చాలవు. కాబట్టి ఊళ్లకు వంతులు వేయాలి. శనివారం సాయంత్రం పూజ ఆదివారం పూజ కిందే లెక్క అని అందరికీ చెప్పాలి. వంతు రాని ఊళ్లో ఉపదేశి గారు చెట్టు కింద వాక్యం చదివి ప్రార్థన నడిపించవచ్చు. ముసలివాళ్లకూ, షుగరు, ఉబ్బసం ఉన్నవాళ్లకూ, గర్భిణులకూ వారం మధ్యలో పదిమందికి మించని పూజ ఒకటి ఉండాలి. వాళ్లను ఇంట్లో ఉండమని చెప్పి మరిచిపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఎండ సంగతి అడుగుతారు. వేసవిలో తెల్లవారుజామున అయిదున్నరకు, లేదా పొద్దు గుంకాక పెట్టుకుందాం. మైపాడు నుంచి తూపిలిపాలెం దాకా సాయంకాలం సముద్రపు గాలి తగలని ఊరేది? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు మాత్రం నిజమైన ఇబ్బందే. వాన పడితే లోపలికి పోవాలి. కానీ సగం మందితో, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి, ఏసీ ఉంటే ఆపేసి, మాస్కులతో, అరగంటలో ముగించాలి. పాట ఒక్కరు పాడితే చాలు. మన గొంతులు మూగబోవడం కష్టమే, నాకూ కష్టమే. అయినా ఆ కొన్ని నెలలు ఓర్చుకోవాలి.

దివ్య సత్ప్రసాదం నాలుక మీదే తీసుకోవాలని పట్టుబట్టే పెద్దలున్నారు. వాళ్ల భక్తికి దణ్ణం పెడతాను. అయితే కుడిచేతికి ఎడమచేతిని సింహాసనంగా ఆన్చి ప్రభువును అందుకోవాలని 4వ శతాబ్దంలోనే జెరూసలేము పీఠాధిపతి పునీత సిరిల్ విశ్వాసులకు నేర్పారు. చేతిలో తీసుకుంటే భక్తి తగ్గదు.

భయం పట్టినప్పుడు మనిషి గుంపు వైపే పరిగెడతాడు. 2021 మేలో కృష్ణపట్నంలో చూశాం. కరోనాకని అక్కడ పంచిన మందు కోసం వేలమంది ఒకరినొకరు తోసుకున్నారు, ప్రాణం మీదికొచ్చిన రోగులు అంబులెన్సుల్లో వచ్చారు. ఆ మందు మంచిచెడ్డల జోలికి నేను పోను. ఆ గుంపును మాత్రం మరిచిపోవద్దు. గుడి దగ్గర కూడా అలాంటి గుంపు చేరవచ్చు. దాన్ని ఆపాల్సింది పోలీసులు కాదు, ముందే తర్ఫీదు పొందిన మన విచారణ యువకులు.

జబ్బు మరీ పెచ్చుమీరితే ఆరుబయట పూజ కూడా ఆపాల్సిందే. 2021 మే 5 నుంచి మధ్యాహ్నం 12 తర్వాత కర్ఫ్యూ పెట్టిన రోజులు అలాంటివి. అది ఎవరు, ఎప్పుడు చెప్పాలి? తుఫాను వస్తే ఓడరేవులో ప్రమాద సూచిక నంబరు ఎగరేస్తారు, అది చూసి బోటు దించాలో వద్దో తేల్చుకుంటారు. విచారణకూ అలాంటి సూచిక కావాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గారు, సచివాలయం ఏఎన్ఎం, ఆశా కార్యకర్త చెప్పే మాటను బట్టి ఫాదర్ గారూ విచారణ సంఘమూ వారం వారం నిర్ణయం చెప్పాలి. ఆ రోజుల్లో దివ్యవాణి టీవీలో పూజ ఉండనే ఉంటుంది. కానీ చావుబతుకుల్లో ఉన్నవారికి అభ్యంగనం టీవీలో అందదు. రక్షణ దుస్తులు వేసుకుని, దూదితో తైలం పూసే పద్ధతి గురువులకు ముందే తెలిసుండాలి.

సమాధుల మాట కూడా రాసుకోవాలి. 2020 ఏప్రిల్‌లో మన నెల్లూరు డాక్టరు ఒకాయన చెన్నైలో చనిపోతే అక్కడి శ్మశానంలో దహనానికి స్థానికులు అడ్డుపడ్డారు. అదే నెలలో అదే నగరంలో ఒక క్రైస్తవ వైద్యుణ్ణి పూడ్చనివ్వకుండా జనం రాళ్లు రువ్వారు. మన విచారణల్లో ఏ శవానికీ ఆ గతి పట్టకూడదు. ఏ కులం, ఏ మతం శవమైనా మోయడానికి ప్రతి ఊళ్లో ఆరుగురు యువకులు నేర్చుకుని సిద్ధంగా ఉండాలి. టీకా వస్తే గుడి హాలునే టీకా కేంద్రంగా ఇవ్వాలి. కరోనా టీకాలు వేయించుకోవచ్చని 2020 డిసెంబరు 21న రోము స్పష్టంగా చెప్పింది, ఆ సందేహం మళ్లీ తేవద్దు.

1928 జూలై 3న ఏర్పడిన మన నెల్లూరు మేత్రాసనానికి 2028లో నూరేళ్లు నిండుతాయి. ఆ పండుగలోపు తీరంలోని ప్రతి విచారణలో ఈ ఏర్పాటు రాసి, గుడి గోడకు అంటించి ఉండాలి. ఏడాదికి ఒక ఆదివారం దాని ప్రకారం ఆరుబయట పూజ చేసి చూడాలి. పీఠాధిపతుల వారు ఆ ఆదివారం ఏదో ప్రకటించాలని వేడుకుంటున్నాను.

ఈ కాగితం చేతికందినవారు వచ్చే ఆదివారం పూజ అయ్యాక మీ ఫాదర్ గారిని కలవండి. ఈ పని మీద విచారణ సంఘం ఏ రోజున కూర్చుంటుందో అడిగి, తేదీ రాయించుకుని రండి.

— మీ సహ విశ్వాసి