వీసమును “కొంచెము” అని యనువదింపవచ్చునా?

“అందులో వీసమెత్తు సత్యము లేదు” అను వాక్యమున వీసమునకు లేశమని యర్థము చెప్పిన నెవరును తప్పుపట్టరు. అయితే పాత దస్తావేజులలోని వీసమునకు గూడ నదే యర్థము చెప్పుట తగదు. అచ్చట వీసము కొంచెము గాదు, పదునాఱవ పాలు. ఒక గ్రామపు శిస్తు 1,600 రూపాయలనుకొందము. వీసము వాటాదారు చెల్లింపవలసినది సరిగా 100 రూపాయలు. ఆ వాటాను “కొద్దిభాగ”మని యనువదించినవాడు రైతు హక్కును, ఋణమును గూడ చెఱిపివైచినవాడగును. వాటాలవారీగా శిస్తును పంచుకొను పద్ధతికి వీసబడి యను పేరు ఈ పదమునుండియే వచ్చినది.

మన పూర్వుల భిన్నగణితము నాలుగింటిపై నడచినది. ఒకటిలో నాలుగవ పాలు కాలు, కాలులో నాలుగవ పాలు వీసము, వీసములో నాలుగవ పాలు కాని, అనగా 1/64. వీనిని నిలువుగీతలతో నొకమాఱు, అడ్డగీతలతో నొకమాఱు మార్చి మార్చి వ్రాసెడివారు. (ఆ గీతలకు 2008లో యూనికోడునందు చోటు దొరకినది, మన పాఠ్యపుస్తకములలో మాత్రము దొరకలేదు.) రూపాయిలో అణా వీసమే. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు వచ్చినపిదప ఈ లెక్క క్రమముగా వాడుక తప్పినది. పదము నిలిచినది, విలువ మఱుగుపడినది.

సోదరభాషల సాక్ష్యమును గూడ జాగరూకతతో గ్రహింపవలెను. కన్నడమున వీస, తమిళమున వీసం 1/16 అగుట నిజమే. అంతమాత్రమున కాణియు నట్లేయని తలపరాదు. కన్నడమున నది 1/64, తమిళమున 1/80. కావున ద్విభాషా నిఘంటువులలో వీసము క్రింద సంఖ్యార్థమే ముందు రావలెను. లేశమను లాక్షణికార్థము దాని వెనుక నిలువవలెను.

ఇసుమంత కథ వేఱు. ఇసుము ఇసుకయే గనుక దానికి గణితము లేదు. అయినను ప్రయోగమున నది వీసమెత్తునకు తోడు. రెండును ప్రాయికముగా వ్యతిరేకవాక్యములనే యాశ్రయించును. “ఇసుమంతయు జాలి లేదు” అందుము గాని వంటయింట “ఇసుమంత ఉప్పు వేయుము” అనము. రవంతకు ఆ నిర్బంధము లేదు; రవంత ఉప్పు నిరభ్యంతరముగా అడుగవచ్చును. మూడింటికిని “స్వల్పము” అని యొకే యర్థము వ్రాసి యూరకుండిన నిఘంటువు, తెలుగు నేర్చుకొను అన్యభాషీయునకు ఈ భేదమును చూపజాలదు.