మట్కాలో పెట్టిందే పోయేది

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే మా అక్క కొడుకు ఇంటికొచ్చిండు. భివండీలో గోదాము పని వానిది. "మామా, అరవై వేలు సర్దు, వారంలో ఇచ్చేస్త" అన్నడు. ఎందుకురా అంటే చెప్పలే. చాయ్ తాగినంక ఫోన్ తీసి చూపించిండు. నిఫ్టీ ఫ్యూచర్స్ అట. చెల్లె పెండ్లికని మా అక్క ఎత్తిన చిట్టీ డబ్బు, రెండు లక్షలు, అందులో పెట్టిండు. అంతకుముందు నెల దోస్తుతో కలిసి చేస్తే పద్దెనిమిది వేలు వచ్చినయట. ఆ రుచే వాణ్ణి పట్టుకుంది.

ఆ రోజు వానికి కాగితం మీద వేసి చూపిన లెక్కే ఈ నెల మీకూ చెప్తున్నాను.

ఫ్యూచర్ అంటే రాబోయే తేదీకి ఇప్పుడే ధర ఖాయం చేసుకునే ఒప్పందం. అది చెడ్డది కాదు. మిల్లు సంగతే చూడండి. మూడు నెలల తర్వాత ఇవ్వాల్సిన బట్టకు ఈరోజే ధర ఒప్పుకుంటుంది. ఈలోపు పత్తి పిరమైతే మునుగుతుంది. అందుకని పత్తి ఫ్యూచర్ కొని పెట్టుకుంటుంది. పత్తి ధర పెరిగితే కొనుగోలులో పోయింది ఫ్యూచర్‌లో వస్తుంది. తగ్గితే ఫ్యూచర్‌లో పోతుంది గానీ పత్తి చౌకగా దొరుకుతుంది. మిల్లుకు అది వానలో గొడుగు. చేతిలో ఆర్డరు, గోదాములో సరుకు లేని మనకు అది పందెం.

పందెం అంటే బొంబాయి పాతవాళ్లకు మట్కా గుర్తొస్తుంది. దాని పుట్టుకా పత్తిలోనే. న్యూయార్క్ పత్తి బజారులో మొదటి ధర, ఆఖరి ధర బొంబాయికి వచ్చేవి. వాటి మీద జనం పందెం కాసేవాళ్లు. 1961లో ఆ ధరలు రావడం ఆగిపోయింది. ఆ తర్వాత కుండలోంచి చీట్లు తీసి అంకె చెప్పడం మొదలైంది. మా బాపు పరేల్ మిల్లులో పనిచేసిన రోజుల్లో జీతం నాడు ఆ అంకెకే ఎందరి జేబులో ఖాళీ అయ్యేవని చెప్పేటోడు. కానీ మట్కాలో రూపాయి పెడితే రూపాయే పోయేది. ఫ్యూచర్స్‌లో అట్లా కాదు.

2024 నవంబరు నుంచి సెబీ నియమం ప్రకారం కొత్తగా తెచ్చే సూచీ కాంట్రాక్టు విలువ కనీసం 15 లక్షలు ఉండాలి. దానికి మనం కట్టేది మార్జిన్ మాత్రమే. మా అల్లుడు రెండు లక్షలు కట్టిండు. లాభనష్టాలు మాత్రం 15 లక్షల మీద లెక్క. సూచీ నూటికి నాలుగు పడితే 60 వేలు పోయినట్టు. ఆ తేడా ఏ రోజుకారోజు మన ఖాతాలోంచి కోస్తారు. నిల్వ తగ్గితే మళ్లీ కట్టమంటారు, కట్టకపోతే కాంట్రాక్టు అమ్మేస్తారు. అప్పటికీ నష్టం తీరకపోతే మిగిలింది మనం బాకీ. 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల నాడు, నిఫ్టీ ఒక్కరోజే దాదాపు 6 శాతం పడింది. 15 లక్షల మీద అది దాదాపు 90 వేలు.

"మళ్లా లేస్తది మామా" అన్నడు. లేవొచ్చు. లేచేదాకా రోజూ కట్టడానికి నీ దగ్గరేముందిరా అన్నాను.

సెబీ 2024లో లెక్క తీసింది. అంతకుముందు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు మనుషుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లకు పైనే. 2023-24లో ఆడినవాళ్లలో 75 శాతానికి పైగా ఏడాదికి 5 లక్షలలోపు ఆదాయం చూపినవాళ్లే. అంటే మనలాంటోళ్లే.

పిల్లలు దాచిపెడితే కోప్పడకుండా మూడు మాటలు అడగండి. కాంట్రాక్టు మొత్తం విలువెంత? నూటికి అయిదు పడితే ఎంత పోతది? ఆ డబ్బు ఎవరిది? ఈ మూడింటికి జవాబు రాకపోతే కొత్తగా ఒక్క పైసా కట్టనీయకండి. నెలనెలా కొంత పొదుపు చేయాలంటే పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ ఉంది, దానికి రోజూ ఫోన్ చూసే పని లేదు.

అరవై వేలు నేను ఇవ్వలే. సోమవారం పొద్దున వాడే అమ్మేసిండు, లక్షా ముప్ఫై ఆరు వేలు చేతికొచ్చినయి. సాయంత్రం ఇద్దరం అక్క ఇంటికి పోయినం. డబ్బు ముందు పెట్టి వాడే చెప్పిండు. అక్క చాలాసేపు మాట్లాడలే. తర్వాత నోట్లు రెండుసార్లు లెక్కబెట్టి, "మిగతాది నీ జీతంల నెలకింత కట్టు" అంది. ఈ నెల మొదటి అయిదు వేలు కట్టిండు.