మే నెలను దాటవలసిన అరటి



మొన్న మే నెలలో కమ్మర్‌పల్లిలో ఆరాధన ముగిసిన తరువాత మా సంఘ సహోదరుడొకరు నన్ను ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, ఈసారి పసుపు పెట్ట. ఎకరం నిండ అరటి పెడ్త. పిలగాని కాలేజీ ఫీజు ఎల్తది" అన్నాడు. అప్పు మాట్లాడుకొన్నాడని అతని భార్య చెప్పినది.

మన రైతులకు పసుపు తెలిసినంతగా అరటి తెలియదు. ఊరిలో ఉన్న పరిశోధనా కేంద్రము కూడా పసుపుదే కదా! జూన్‌లో నాటిన పసుపు ఎండలు ముదరకముందే ఇల్లు చేరుతుంది. అరటికి దాదాపు ఏడాది కావాలి. 45 డిగ్రీల ఎండ, వడగాలి అది పొలములో నిలబడే భరించాలి. 38 డిగ్రీలు దాటితేనే దాని ఎదుగుదల మందగిస్తుంది.

"ముందు నీ బోరును అడుగుదాము" అన్నాను. 20 లీటర్ల బకెట్టు పెట్టి చూశాము. 20 సెకన్లకు నిండినది. అనగా గంటకు 3,600 లీటర్లు. ఆరడుగుల ఎడముతో ఎకరానికి 1,200 మొక్కలు పడతాయి. ఎదిగిన మొక్కకు నడివేసవిలో డ్రిప్పుతో ఇచ్చినా రోజుకు 20 లీటర్లు కావాలి. మొత్తము 24,000 లీటర్లు, దాదాపు ఏడు గంటల మోటారు! ఆ బోరేమో రెండు గంటలకే ఆగి ఆగి పోయసాగినది. సహోదరుని ముఖము చిన్నబోయినది. నాకును కష్టముగానే ఉండెను.

చివరకు 300 మొక్కలని నిర్ణయించుకొన్నాము. వాటికి 6,000 లీటర్లు చాలును. మొదళ్ల చుట్టూ చెరకు ఆకు గాని వరిగడ్డి గాని జానెడు మందమున పరిస్తే తడి నిలుస్తుంది. వడగాలికి ఆకులు చీరికలు కాకుండా పడమటి గట్టున అవిస దగ్గర దగ్గరగా వేయాలి. గెలకు ఎండ తగిలి కాయ మాడకుండా ఎండుటాకులు కప్పాలి.

పిలకల విషయములో నేనే తప్పు చేశాను. మా పెరటి అరటికి వచ్చిన పిలకలన్నిటిని ముచ్చటపడి ఉంచాను. నీరంతా అవే త్రాగి, తల్లిచెట్టుకు పిడికెడు గెల వేసినది. గెల వేసేవరకు పిలకలను కోస్తుండాలి, ఆ తరువాత ఒక్క సూది పిలకను ఉంచితే చాలు.

"మూడు వందలకైతే అప్పెందుకు అయ్యగారూ" అన్నది అతని భార్య. మిగిలిన చెలకలో మళ్లీ పసుపే పెట్టారు.