బంట్లు మిగిలిన తరువాత

ఉదయగిరిలోనైనను ఆత్మకూరులోనైనను బిడ్డను చదరంగపు శిక్షణకు పంపు తండ్రి గురువును మొట్టమొదట నడుగు ప్రశ్న ‘మావాడికి ఓపెనింగులు ఎన్ని వచ్చినవండీ’ యనునదే. ఎక్కములవలె అప్పజెప్పింపదగినది గనుక ఆ విద్య కంటికి కనబడును, వచ్చినపోయిన చుట్టములకు చూపుటకు పనికివచ్చును. అయినను బాలురకు ముందుగా నేర్పవలసినది ఆట ముగింపేయని నా దృఢాభిప్రాయము.

2024 డిసెంబరు 12వ తేదీన సింగపూరులో ప్రపంచ చాంపియనుషిప్పు పదునాలుగవ ఆటకు కూర్చుండునప్పటికి, చెన్నైలో పెరిగిన తెలుగింటి బిడ్డ దొమ్మరాజు గుకేశును, చైనా దేశీయుడగు జగద్విజేత డింగ్ లిరెనును చెరి ఆరున్నర పాయింట్లతో సమముగ నుండిరి. డింగ్ తెల్లపావులతో ముందుగ గుర్రమును దూకించి, రాజు పక్షపు శకటమును మధ్యగడులపైకి ఏటవాలుగ గురిపెట్టి, 1922లో వియన్నా నగరపు గ్రున్‌ఫెల్డు నల్లపావుల కొసంగిన వ్యూహమునే రంగు మార్చి, ఒక ఎత్తు లాభముతో తాను పన్నెను. ఇట్టి వ్యూహములను మథించుటకు గుకేశునకు సహాయక బృందమే యుండెను. మన గుంటూరు గ్రాండ్‌మాస్టరు పెంటేల హరికృష్ణయు అందొకడుగ నుండెను. ఇంత మథనమునకు ఫలము సరిసమానమైన స్థితి!

పావులు తరిగి తరిగి చెరియొక ఏనుగు, చెరియొక శకటము, డింగునకు రెండు బంట్లు, గుకేశునకు మూడు మిగిలినవి. డ్రా కావలసిన ఆట. అట్టిచోట 55వ ఎత్తున డింగ్ తన ఏనుగును మార్పిడికి నిలిపెను. మూలగడిలో నున్న తన శకటము సైతము ఆ వెంటనే మార్పిడికి చిక్కునని ఆతనికి స్ఫురింపలేదు. ఏనుగులు పోయి, శకటములు పోయి, వట్టి బంట్లు నిలిచినంతనే లెక్క తేలిపోయినది. 58 ఎత్తులకు ఆట ముగిసెను. పదునెనిమిదేండ్ల బాలుడు జగద్విజేతయయ్యెను. బాల్యమున ఈతనికి శిక్షణ యిచ్చిన విష్ణుప్రసన్న ఎత్తులను తానే లెక్కించి చెప్పు కంప్యూటరు ఇంజనును చాలకాలము దరిజేరనీయకపోవుట ఇచ్చట గమనింపదగినది.

ఉదయగిరికి ఈ క్రీడ పరాయిది గాదు. అచటి దుర్గమును 1514లో సాధించిన కృష్ణరాయలతో బొడ్డుచెర్ల తిమ్మన చదరంగమాడి గెలిచి, కొప్పోలు నగ్రహారముగ బడసెనని చాటుకథ. ఆ తిమ్మనకు ఎన్ని ఓపెనింగులు వచ్చునని ఏ రాయలవారును అడిగియుండరు.

మన మండలములలో పోటీలు జరుపువారు కప్పులతోపాటు మరియొక బహుమతి నేర్పరచి, రాజును ఒక బంటును మాత్రమే యిచ్చి, ఒంటరి రాజు నెదుర్కొని ఆ బంటును మంత్రిని చేయగల బాలునకు దానిని ఒసంగవలెను.