బడి కమిటీకి వర్గపోరు గండం

బనగానపల్లె: నాపరాయికి పేరుగాంచిన సీమ ఇది. బడి గోడకు రాయి కరవు లేదు. అయినను వర్గకక్షలు రగిలిన గ్రామాల్లో పాత పాఠశాలల మరమ్మతు చిక్కుముడిగానే ఉంటోంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల అభివృద్ధి ప్రణాళికను యాజమాన్య కమిటీయే రూపొందించాలి. సభ్యుల్లో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు కావాలి. 2019లో మొదలైన ‘నాడు-నేడు’ పనులను సైతం తల్లిదండ్రుల కమిటీలకే అప్పగించారు. బిల్లులు కదిలే చోట వర్గ నేతల చూపు పడకుండునా? 2024 ఆగస్టులో జరిగిన కమిటీ ఎన్నికలు రాష్ట్రంలో పలుచోట్ల పార్టీల పోరును తలపించాయి. ఓడిన వర్గం సమావేశానికి రాదు. గెలిచిన వర్గం పిలవదు. నడుమ పెచ్చులూడే కప్పు కింద పిల్లలు కూర్చోవాలి. (పోలింగ్ నాడు మాత్రం అదే భవనానికి పోలీసు బందోబస్తు!) భవన పటుత్వ తనిఖీని కమిటీ తీర్మానంతో ముడిపెట్టక, ఏటా వేసవి సెలవుల్లో ఇంజినీర్లే జరిపి, ఏ గది మూయాలో బడి గోడపై రాయించాలి. దానికి ఏ వర్గం సంతకమూ అక్కరలేదు.