మన గడప మనది

మిరప కోతకెళ్లి, చేతులు భగభగ మండుతుంటే పొద్దుగూకి ఇల్లు చేరతారు మన ఆడోళ్లు. అప్పుడే బైబిలుతో ఒకరు, అక్షింతలతో ఇంకొకరు పిలవకుండా లోపలికొచ్చి "మీ దేవుడెవరు?" అంటారు. కామందు గేటు తోసి ఇట్లా అడగ్గలరా? మన పల్లె అంటే అలుసు!

ఈ ప్రశ్న ఊసుపోని కబురు కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైతే షెడ్యూల్డు కులం కాదంటుంది. 2025లో పాత గుంటూరు జిల్లా పాస్టరు కేసులో హైకోర్టు అట్రాసిటీ చట్టమూ వర్తించదంది. గడపలో అన్నమాట రేపు బిడ్డ సర్టిఫికెట్టు మీదికొస్తుంది!

మత ప్రచారం హక్కే. 25వ అధికరణ ఇచ్చింది. ఇంట్లో జొరబడమనలేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు తేల్చారు. అది పూరింటికీ హక్కే.

బోధకులారా! వాకిట్లో నిలబడి అడగండి, వద్దంటే వెళ్లండి. అక్కల్లారా, అన్నల్లారా! జవాబు మనం ఎవరికీ బాకీ లేము.